పలికితేనే మనిషి ఉన్నట్టు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. అది తెలిసి చదివితే మీకే మంచిది.

అరకు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్లు చూసుకున్నాను. నా పేరు రత్నకుమారి. ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. ఆయా దగ్గర నుంచి పెద్ద డాక్టరు గారి దాకా అందరికీ కంప్యూటర్ మేడమే. పుట్టింది పార్వతీపురంలో. మా నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు. కోపం ఆయన దగ్గర నుంచే వచ్చింది. లెక్కలు మాత్రం సగమే వచ్చాయి.

ఈ మధ్య నా కుర్చీలో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీర్లు ఇంటికి వచ్చారు. "మేడం, కొండ మీద కేంద్రాల్లో ప్రోగ్రాములు మాట్లాడుకోడానికి మీరు లోకల్ సాకెట్ వాడారు కదా, ఎందుకు? అందరిలా పోర్టు నంబరు పెట్టుకోవచ్చు కదా" అని అడిగారు. కాఫీ తాగేలోపు చెప్పేద్దామని మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోయింది, వాళ్ల బస్సు వెళ్లిపోయింది, నేనింకా సగంలోనే ఉన్నాను. అందుకని ఇలా రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ శాలువా కప్పారు, అవేవీ రాయను. నాకే గుర్తు లేవు. ఒక చిన్న లైటు గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది మాత్రం మరిచిపోదామన్నా మరుపు రాదు.

ఒకే పెట్టెలో ఇద్దరు

కొండల మీద మా ఆసుపత్రికి ఎనిమిది చిన్న కేంద్రాలు ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి రెండు గదులు, ఒక నర్సు, రక్తం పరీక్ష చేసే ఒక చిన్న యంత్రం, దాని పక్కన ఒక కంప్యూటరు పెట్టె. అక్కడ తీసిన రక్తంలో ఏముందో ఆ అంకెలు ఆసుపత్రిలో డాక్టరు ముందు కనబడాలి. ఆయన చూసి, అవసరమైతే జీపు పంపిస్తాడు. పని ఇంతే.

ఆ పెట్టెలో నేను రెండు ప్రోగ్రాములు పెట్టాను. ఒకటి యంత్రం దగ్గర అంకెలు అందుకుంటుంది. రెండోది ఆ అంకెలను ఆసుపత్రికి పంపుతుంది. నర్సులు వాటికి 'సదివేది', 'పంపేది' అని పేర్లు పెట్టేసుకున్నారు. నేను పెట్టిన పేర్లకంటే అవే నయం. రెండెందుకు, ఒకటి సరిపోదా అంటారేమో. యంత్రం ఎప్పుడు పడితే అప్పుడు అంకెలు ఇచ్చేస్తుంది, ఆగదు. కొండ మీద నెట్ మాత్రం దానిష్టం. వస్తే వస్తుంది, మబ్బు పడితే పోతుంది. ఒకడు నెట్ కోసం కూర్చుంటే ఇంకోడు యంత్రం దగ్గర ఉండాలి కదా.

చదివేది తన అంకెలను పంపేదానికి అందించాలి. రెండూ ఉన్నది ఒకే పెట్టెలో. ఇలాంటి అందింపులకు వేరేవాళ్లు ముందే రాసి ఉంచిన కోడు దొరుకుతుంది, దాన్నే లైబ్రరీ అంటాం. నేను ఒక మంచి లైబ్రరీ తీసుకున్నాను. నెట్ మీద ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఏదైనా చేరవేస్తుంది. దానికి కావలసింది ఒక చిరునామా, ఆ చిరునామాలో ఏ గుమ్మమో చెప్పే ఒక పోర్టు నంబరు. ప్రతి కంప్యూటరుకీ 'నా ఇంటికే' అని అర్థమొచ్చే ఒక చిరునామా ఉంటుంది. అదే రాశాను. పనిచేసింది. ఏడాది పాటు దాని మొహం చూడలేదు.

తర్వాత నెట్ ఇచ్చే కంపెనీ మారింది. కొత్తవాళ్లు వచ్చి, బయటికి వెళ్లేదంతా తమ మధ్యవర్తి కంప్యూటరు గుండానే వెళ్లాలని పెట్టెల్లో ఒక అమరిక పెట్టిపోయారు. అంతే, మరునాటి నుంచి ఎనిమిది కేంద్రాల్లోనూ చదివేది, పంపేది మాట్లాడుకోవడం మానేశాయి! ఒకే పెట్టెలో ఉన్న ఇద్దరికి ఏం పోయేకాలం వచ్చిందో నాకు అర్థం కాలేదు. నాలుగు రోజులు జుట్టు పీక్కున్నాను.

అయిదో రోజు దొరికింది. మా లైబ్రరీ మహా విధేయురాలు. 'అన్నీ మధ్యవర్తి గుండా' అన్నారు కదా అని, పక్కనే ఉన్న పంపేదానికి ఇవ్వాల్సిన అంకెలను కూడా కొండ దింపి మధ్యవర్తికి ఇస్తోంది. దాని మీద రాసిన చిరునామా 'నా ఇంటికే'. మధ్యవర్తి అది చూసి తన ఇంట్లోనే వెతుక్కుంటోంది. "ఆ పేరుగలవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు" అని తిప్పి పంపేస్తోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆ రోజు ఒక్కదాన్నే గదిలో కూర్చుని పగలబడి నవ్వాను. ఆయా వచ్చి, "ఏటయ్యింది మేడం, ఒంట్లో బాగోనేదా?" అని అడిగింది.

ఆ మధ్యవర్తిని తప్పించడానికి ఏముందా అని లైబ్రరీ వివరాల పుస్తకం మొదటి నుంచి చదివాను. చదవడమంటే నాకిష్టం. కొత్తవాళ్లకు నా మొదటి మాట ఇదే: వాడే వస్తువు పుస్తకం ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చదవండి. నాకు కావలసింది అందులో ఒకే ఒక్క పేరా. చిరునామా, పోర్టు నంబరు బదులు పెట్టెలోనే ఒక ఫైలు పేరు చెప్పవచ్చట. దాన్నే లోకల్ సాకెట్ అంటారు. వినేవాడు ఆ పేరుతో ఒక తలుపు పెట్టుకుని లోపల కూర్చుంటాడు. చెప్పేవాడు వచ్చి ఆ తలుపు కొడతాడు. నెట్‌తో పని లేదు, మధ్యవర్తిని అడిగే పని లేదు, చిరునామా ఎవరిదో వెతికే పని లేదు. ఒక్క లైను మార్చాను. రెండూ మళ్లీ మాట్లాడుకున్నాయి.

ఒక చిత్రం మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. లోకల్ సాకెట్ వాడినా లైబ్రరీ చిరునామా ఒకటి రాయమనే అంటుంది. దాన్ని పట్టుకుని ఎక్కడికీ వెళ్లదు. తలుపెక్కడో ముందే చెప్పాం కదా. మరి ఎందుకు అడుగుతుంది? ప్రయోగం చేద్దామని 'మా ఇల్లు' అని అర్థమొచ్చేలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూశాను. మారు మాట లేకుండా తీసుకుంది. అవతలి ప్రోగ్రాములో చూస్తే ఆ పేరు ఉత్తరం పైన రాసినట్టు వచ్చి కూర్చుంది. చింతపల్లి జీపులో మూట పంపేటప్పుడు కూడా ఇంతే కదా. డ్రైవరుకి ఏ ఇల్లో ముందే తెలుసు, మూట మీద రాసింది చూడనే చూడడు. ఇంట్లో ముగ్గురు కోడళ్లుంటే ఎవరిదో తెలియడానికి ఆ పేరు పనికొస్తుంది. ఇలాంటి చిన్న సంగతి తెలిసినప్పుడు కలిగే సంతోషం ఏ శాలువాతోనూ రాదు.

పొడుగు పేరు

మా పెద్ద డాక్టరు గారు సుందరరావు గారు. చేతి పనిలో దేవుడు. కాగితాల దగ్గరికొస్తే మాత్రం మనిషిని పిప్పి చేసేవారు. ఆసుపత్రి పేరు ఎక్కడ రాసినా పూర్తిగా రాయాలి. స్థాపించినవారి పేరు, మిషన్ పేరు, లోయ పేరు, అన్నీ. కంప్యూటర్లో ఫోల్డరుకి కూడా అదే పేరు ఉండాలన్నారు.

"సార్, ఫోల్డరు ఎవరూ చూడరు."

"ఎవరూ చూడరని అమ్మ పెట్టిన పేరు కుదించుకుంటామా రత్నకుమారీ?"

పెట్టాను. సాకెట్ తలుపును ఆ ఫోల్డరులోనే పెట్టబోతే 'పేరు మరీ పొడుగు' అని తిప్పికొట్టింది. మామూలు ఫైళ్లకు లేని అడ్డు దీనికేమిటా అని మళ్లీ పుస్తకం తిరగేశాను. సాకెట్ పేరు, అది ఉన్న దారితో సహా, మా రకం పెట్టెల్లో నూట ఎనిమిది అక్షరాల గదిలో పట్టాలి. ఎప్పుడో ఎవరో అంతే చోటు కట్టారు, ఇప్పటికీ అంతే. డాక్టరు గారికి చెబితే, "నూట ఎనిమిదా? అంబులెన్సు నంబరు. మంచిదే" అని నవ్వి, తలుపు మటుకు ఇంకెక్కడైనా చిన్న పేరుతో పెట్టుకోమన్నారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆయన కాదు, నేనే. పెట్టెలో రెండు రకాల చోట్లు ఉంటాయి. ఒకటి పెట్టె ఆపి మళ్లీ వేస్తే శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయేది. రెండోది ఏం చేసినా అలాగే ఉండేది. ఇలాంటి తలుపులు పెట్టాల్సింది మొదటి చోట. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నా తలుపు మాయమైపోతే ఎలా అని, గట్టిగా ఉంటుందని రెండో చోట పెట్టాను. తెలివి ఎక్కువైంది.

దాని మీద ఇంకో తెలివి. నర్సులు రోజుకు పదిసార్లు ఫోను చేసి, "మేడం, ఎల్లిందా? అంకెలు ఎల్లేయా?" అని ప్రాణం తీసేవారు. ఫోను చేయాలంటే పాపం వాళ్లు సిగ్నల్ అందే బండ దాకా ఎక్కాలి. ఆ పని తప్పిద్దామని పెట్టెకి ఒక పచ్చ లైటు పెట్టించాను. అది వెలుగుతుంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టు, అంకెలు వెళ్తున్నట్టు. లైటు వెలిగించే ముందు ఏం చూడాలి? నేను రాసింది ఇది: పంపేది పెట్టుకున్న తలుపు ఉందా? ఉంటే లైటు వెలిగించు.

చదివినప్పుడు మీకు ఏదైనా తప్పుగా తోచిందా? నాకు తోచలేదు. ఏడాదిన్నర తోచలేదు.

గెడ్డ ఇవతల

అది వానాకాలం. దూరంగా ఉన్న కేంద్రంలో నర్సు బుద్రి. ఆ కొండ పిల్లే. మా ఆసుపత్రిలోనే చదువుకుని మళ్లీ తన కొండకే వెళ్లింది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ.

ఆ రోజు పొద్దున్నే లచ్చిమి అనే ఎనిమిదో నెల గర్భిణిని ఇంటివాళ్లు బుద్రి దగ్గరికి తీసుకొచ్చారు. కళ్లు తిరిగి పడిపోయిందట. బుద్రి రక్తం తీసి యంత్రంలో పెట్టింది. రక్తం నాలుగు చిల్లర ఉంది. పన్నెండు దాకా ఉండాల్సిన చోట నాలుగు! ఆ అంకె డాక్టరు కంటపడగానే రెండు పనులు జరగాలి. కింద పట్నం నుంచి రక్తం తెప్పించాలి, పైకి జీపు పంపాలి. రెండింటికీ గంటలు పడుతుంది. కేంద్రానికీ రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, అదే కొండవాగు, ఉంది. పైన వాన పడితే మధ్యాహ్నానికి ఆ గెడ్డ దాటడం ఎవరి తరమూ కాదు.

పచ్చ లైటు వెలుగుతోంది. అంకె వెళ్లిందనుకుని బుద్రి జీపు కోసం చూసింది. పదకొండయినా జీపు రాలేదు. వానలో బండ ఎక్కి నాకు ఫోను చేసింది. డాక్టరు గారు ఆపరేషన్ గదిలో ఉన్నారు.

"మేడం, జీపు రానేదు. రక్తం నాలుగే ఉంది, లచ్చిమి మరీ నీరసపడిపోతంది."

"లైటు వెలుగుతోందా?"

"ఎలుగుతోంది."

"అయితే వెళ్లినట్టే. జీపు దారిలో ఉండుంటుంది, వాన కదా. కాస్త ఆగు."

"డాక్టరుగోరు సూసేరా మేడం? మీరు అడిగేరా?"

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు పార్వతీపురం వచ్చేస్తుంది. "ఏటి బుద్రీ, నీకు లైటు పెట్టించింది ఎందుకు? పెతీసారీ ఫోను సెయ్యకుండా ఉంటావనే కదా! పచ్చగా ఉంటే ఎల్లినట్టు. ఎన్నిసార్లు సెప్పాలి?"

"సరే మేడం" అని పెట్టేసింది.

ఒంటిగంటకు భోజనానికి వెళ్తూ డాక్టరు గారు ఎదురుపడితే మాటవరసకు అడిగాను, "లచ్చిమికి రక్తం దొరికిందా సార్?" అని.

ఆయన ఆగి నా వైపు చూసి, "ఏ లచ్చిమి?" అన్నారు.

ఆ రెండు మాటలు నా చెవిలో ఇప్పటికీ ఉన్నాయి. ఎలా చెప్పానో, ఏం చెప్పానో తెలియదు. ఆయన రక్తానికి ఫోను చేస్తూనే జీపు వైపు పరుగెత్తారు. నేనూ ఎక్కాను. ఎందుకెక్కానో నాకే తెలియదు, నా వల్ల అక్కడ ఏం పని? దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను. పదకొండు నుంచి ఒంటిగంట. రెండు గంటలు. ఆగమన్నది నేను. గెడ్డ పొంగిపోయి ఉంటుంది. ఆ పిల్ల చచ్చిపోతే చంపింది నేనే. దేవుడా, దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

ఘాటు మలుపులో డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. రోడ్డు మీద ఎదురుగా డోలీ వస్తోంది. ముందు వెనకా మగవాళ్లు, కర్రకు కట్టిన దుప్పటిలో లచ్చిమి, పక్కన తడిసి ముద్దయిన బుద్రి. గెడ్డ దాటేసి అప్పటికే రోడ్డు మీద చాలా దూరం నడిచేశారు. నేను ఆగమన్నాక బుద్రి ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

లచ్చిమిని జీపులో ఆసుపత్రికి తెచ్చాం, ఆ సాయంత్రానికి పట్నం నుంచి రక్తం వచ్చింది. లచ్చిమి బతికింది. పొద్దుగూకే వేళకు ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేంత పిల్ల. చాలా రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచారు. నేను రోజూ వెళ్లి అద్దంలోంచి చూసేదాన్ని. ఎవరూ నన్నేమీ అనలేదు, దానికే నాకు ఏడుపొచ్చేది.

తడిక

వాన తెరిపిచ్చాక ఆ కేంద్రానికి వెళ్లాను. పెట్టె ముందు కూర్చుని చూస్తే పది నిమిషాల్లో తేలిపోయింది. లచ్చిమి రావడానికి మూడు రోజుల ముందు మెమరీ చాలక పంపేది కుప్పకూలింది. కరెంటు పోయి బ్యాటరీ మీద నెమ్మదిగా ఆగేటప్పుడు తన తలుపు తీసేసేది, ఈసారి కూలిపోతూ తీసేయలేదు. అలా హఠాత్తుగా పోయినవాడు తలుపు తీసేసి పోతాడా? తర్వాత అది మళ్లీ లేవబోయింది. ఆ పేరుతో తలుపు అప్పటికే ఉంది కాబట్టి, ఇంకెవరో ఇంట్లో ఉన్నారనుకుని వెనక్కి తిరిగిపోయింది. కరెంటు పోయి వచ్చినా తలుపు పోలేదు. గట్టి చోట పెట్టింది నేనే కదా! చదివేది పాపం వచ్చి తలుపు కొట్టిన ప్రతిసారీ ఎవరూ పలకడం లేదని రాసుకుని, అంకెల్ని తన దగ్గరే దాచుకుంది. ఆ రాత ఎవరూ చదవని ఫైలులో పడి ఉంది. లైటు మాత్రం తలుపు ఉందా అని చూస్తోంది, ఉందని వెలుగుతోంది.

బుద్రి నా వెనక నిలబడి చూస్తోంది. తల తిప్పకుండానే, "బుద్రీ, తప్పు నాది. నీమీద అరిచాను. నన్ను క్షమించు" అన్నాను.

"సమించడమేటి మేడం, కాఫీ తాగండి."

"నేను ఆగమంటే నువ్వెందుకు ఆగలేదు?"

"లైటు సెప్పిందే మీరు సెప్పేరు మేడం. డాక్టరుగోరు సూసేరా అంటే సెప్పనేదు. మనిసి పలకనేదు కదా, మరెలా ఆగుతాను?"

అప్పుడు తనకి తలుపు సంగతి చెప్పాను. పంపేది చచ్చిపోయినా దాని తలుపు మిగిలిపోయిందని, నేను రాసిన లైటు తలుపు చూసి మోసపోయిందని. బుద్రి పక్కున నవ్వింది. అంతదాకా బుద్రి నవ్వు నేను వినలేదు.

"తలుపుని సూసా? తలుపుంటే మనిసున్నట్టేనా మేడం? రండి, సూపిత్తాను."

చేయి పట్టుకుని ఊళ్లోకి లాక్కెళ్లింది. అందరూ గరువులకు, అంటే మెట్ట పొలాలకు, వెళ్లిన వేళ. ఇళ్లకు వెదురు తడికలే తలుపులు. ఒక ఇంటి తడిక వేసి ఉంది, ఇంకో ఇంటిది బార్లా తీసి ఉంది. బుద్రి తీసి ఉన్న ఇంటి కంచె బయటే నిలబడి, "ఓ పెద్దమ్మా!" అని కేక వేసింది. జవాబు లేదు. ఇంకోసారి వేసింది. లేదు. అడుగు లోపల పెట్టకుండా వెనక్కి తిరిగింది. తడిక వేసి ఉన్న ఇంటి దగ్గరా అలాగే పిలిచింది. లోపల్నుంచి ముసలి గొంతు, "ఎవురే?" అంది.

"సూసేరా? తీసున్న ఇంట్లో మనిసి నేదు. ఏసున్న ఇంట్లో ఉంది. మాకు తడిక మేకల కోసం మేడం, మనుసుల కోసం కాదు. మేం తలుపు సూడం. కంచె కాడ నిలబడి పిలుత్తాం. పలికితే ఉన్నట్టు, పలక్కపోతే నేనట్టు. పలక్కుండా గుమ్మం తొక్కితే తప్పు."

అన్నేళ్లుగా ఆ ఊళ్లకు తిరిగాను. వాళ్లు కంచె దగ్గర నిలబడి పిలవడం వందసార్లు చూశాను. మర్యాద అనుకున్నాను. అది మర్యాదే కాదు, ఎవరు ఉన్నారో తెలుసుకునే పద్ధతి కూడా. లోకంలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను కానీ నా కళ్ల ముందున్నది చదవలేదు. దీపం కింద చీకటి అంటే నేనే.

అక్కడే కూర్చుని లైటు ప్రోగ్రామును తిరగరాశాను. ఇప్పుడది తలుపు చూడదు. తలుపు కొట్టి, "ఉన్నావా?" అని అడిగి, పంపేది "ఉన్నాను, ఆఖరి అంకె ఆసుపత్రి అందుకుంది" అని చెబితేనే వెలుగుతుంది. జవాబు రాకపోతే ఎర్రది. పంపేది లేచేటప్పుడు పాత తలుపు కనబడితే ముందు కొట్టి చూస్తుంది. ఎవరూ పలకకపోతే ఆ తలుపు తీసేసి తనది పెట్టుకుంటుంది. ఆ తలుపును కూడా కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోయే చోటికి మార్చాను. ఎరుపైతే ఏం చెయ్యాలో బుద్రి అడగలేదు. బండ ఎక్కడుందో తనకి తెలుసు.

ఇంకెన్ని

వెనక్కి వచ్చి డాక్టరు గారి ముందు నిలబడి, తప్పు ఎలా జరిగిందో ఏమీ దాచకుండా చెప్పాను. రాజీనామా కాగితం కూడా చేతిలో ఉంది. అందులో ఆసుపత్రి పేరు పూర్తిగానే రాశాను.

ఆయన ఆ కాగితం అందుకోలేదు. "ఇలాంటి లైట్లు ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగారు.

"ఇంకో ఏడు సార్."

"మరి ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావు?"

ఇంతకంటే గొప్ప మాట ఏ పై అధికారి నోటా నేను వినలేదు. పొడుగు పేర్ల మీద ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్క లేదు. చాదస్తం ఆయనది, కాదనను. కానీ తప్పు ఎవరిదని ముందు అడిగేవాళ్ల కింద పనిచేస్తే అందరూ తప్పులు దాచుకుంటారు. ఇంకా ఎక్కడుందని అడిగేవాళ్ల దగ్గర దాచుకోరు. మీరు రేపు పై అధికారులైతే ఆ రెండో రకం అవ్వండి.

ఆ వారమంతా ఏడు కొండలూ ఎక్కాను. ఇంకో కేంద్రంలో కూడా అదే, మనిషి లేని తలుపు, వెలుగుతున్న లైటు. అక్కడ ఎవరికీ ప్రమాదం జరగలేదు. అది నా అదృష్టం, నా పనితనం కాదు.

మీరడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు. అవును, లోకల్ సాకెట్టే వాడండి. ఒకే పెట్టెలో ఉన్నవాళ్లకు అదే దగ్గర దారి. పేరు పొట్టిగా పెట్టండి. అది ఫైలు కాబట్టి ఎవరు కొట్టవచ్చో ఎవరు కొట్టకూడదో కూడా చెప్పవచ్చు, చెప్పండి. తలుపు ఫైలే లేకుండా ఉత్త పేరుతో నడిచే సాకెట్లూ ఉన్నాయి. మనిషి పోగానే పేరూ పోతుంది. నా గొడవ వాటితో రాదు, కాని ఎవరు కొట్టవచ్చన్న కట్టుబాటు కూడా వాటికి ఉండదు. ఏది వాడినా ఫైలు ఉందా అని మాత్రం చూడకండి. పిలవండి, పలికేదాకా ఆగండి.

కంచె దగ్గర

ఉద్యోగం వదిలిన నెలలో లచ్చిమి వాళ్ల ఊరు వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. ఆ పిల్ల పుట్టి ఏడేళ్లయింది. అద్దంలోంచి చూసిన తర్వాత మళ్లీ చూడలేదు. వెళ్లాలని అనుకోవడం, ఏ మొహం పెట్టుకుని వెళ్తాను అనుకోవడం, ఏడేళ్లూ అలాగే గడిచిపోయాయి. లచ్చిమికి నేను ఆగమన్న సంగతి తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. అదీ చెప్పాలనుకున్నాను.

ఇల్లు చూపించింది బుద్రే. చూపించి, తన పనుందని వెళ్లిపోయింది. తడిక బార్లా తీసి ఉంది. వాకిట్లో మిరియాలు ఆరబోసి ఉన్నాయి. పొయ్యి దగ్గర ఇంకా పొగ వస్తోంది. ఎవరైనా ఉన్నారనే అనుకుంటారు. నేను కంచె బయట నిలబడ్డాను.

"లచ్చిమీ!" అని పిలిచాను.

జవాబు లేదు. ఇంత వయసొచ్చి, ఇంత పని చేసి, ఒక గుడిసె ముందు నిలబడి భయపడుతున్నాను. వెళ్లిపోదామనిపించింది. రెండోసారి పిలవాలి కదా అని గొంతు పెద్దది చేసుకుని మళ్లీ పిలిచాను.

"ఇంట్లో ఎవరున్నారమ్మా?"

లోపల గిన్నె ఏదో దొర్లిన చప్పుడు. ఆ వెనకే ఒక చిన్నపిల్ల గొంతు, గట్టిగా, కొంచెం విసుగ్గా:

"అమ్మ గరువుకెల్లింది. నానున్నాను, రండి!"